టొరెంట్ ఎందుకు కదలదు? – ఇంటి ఇంటర్నెట్‌పై ఒక పాఠం



వార్షికోత్సవ సంచికకు నలుగురికీ పనికొచ్చే వ్యాసం రాయమని సంపాదక మిత్రులు అడిగినప్పుడు మొదట కవిత రాద్దామనుకున్నాను. కానీ మన హాస్టల్ తమ్ముళ్ళు నాకు ఫోన్ చేసి తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, నెట్ బాగనే ఉంది, యూట్యూబ్ ఆడుతాంది, మరి టొరెంట్ ఎందుకు కదలదు?" ఈ ప్రశ్న ఒకప్పుడు నన్నూ ఏడిపించింది. అందుకే దీని మీదనే రాస్తున్నాను.

మా నాయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదటివాణ్ణి. పీజీ ప్రాజెక్టు కోసం నాకు 40 జీబీ చిత్రాల డేటాసెట్ కావలసి వచ్చింది. పరిశోధన డేటాను టొరెంట్ ద్వారా పంచే 'అకడమిక్ టొరెంట్స్' అనే చోట అది దొరికింది. ఇంట్లో 40 ఎంబీపీఎస్ కనెక్షన్ ఉంది. రాత్రికి రాత్రి వచ్చేస్తుందనుకున్నాను. తీరా చూస్తే సెకనుకు 30 కిలోబైట్లు! లెక్క వేస్తే 15 రోజులు పడుతుంది. ప్రాజెక్టు రివ్యూ తొమ్మిది రోజుల్లో ఉంది. నాయన తెర వంక చూసి, "నెలకు ఐదొందలు కడుతున్నం గద బిడ్డా, మరి రాదేంది?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు వెతికే క్రమంలో నేర్చుకున్నదే ఈ పాఠం.

టొరెంట్ అంటే ఏమిటి?

మామూలు డౌన్‌లోడ్ మన మెస్ లాంటిది. వడ్డించేవాడు ఒక్కడే, లైన్లో నూరు మంది. లైను పెరిగేకొద్దీ అందరికీ ఆలస్యమే.

టొరెంట్ అట్లా కాదు. సారు దగ్గర 40 పేజీల నోట్స్ ఒక్కటే ఉందనుకోండి. ఒకడు మొదటి పది పేజీలు, ఇంకొకడు తర్వాతి పది రాసుకుంటాడు. ఆ తర్వాత వాళ్ళు సారు దగ్గరికి పోకుండా ఒకరి పేజీలు ఒకరు తీసుకుంటారు. మంది పెరిగితే పని ఆలస్యం కాదు, ఇంకా తొందరగా అవుతుంది. ఈ ఆలోచనతో అమెరికాకు చెందిన బ్రామ్ కోహెన్ 2001లో బిట్‌టొరెంట్‌ను తయారు చేశాడు.

కొన్ని మాటలు గుర్తుంచుకోవాలి. ఫైలు మొత్తం దగ్గర పెట్టుకుని ఇతరులకు ఇచ్చేవాడు 'సీడర్'. ఇంకా తెచ్చుకుంటూ, వచ్చినంత మేరకు ఇతరులకు ఇచ్చేవాడు 'పీర్'. ఎవరి దగ్గర ఫైలుందో చెప్పే చిరునామాల పుస్తకం 'ట్రాకర్'. ట్రాకర్ లేకపోయినా ఒకరినొకరు అడిగి తెలుసుకునే పద్ధతి 'డీహెచ్‌టీ'.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. పీర్లు తమకు ఎక్కువగా ఇస్తున్నవారికే తిరిగి ఎక్కువ ఇస్తారు. కొత్తగా వచ్చినవాడి చేతిలో ఇవ్వడానికి ఏమీ ఉండదు కనుక, సుమారు 30 సెకన్లకు ఒకసారి ఎవరో ఒకరికి ఊరికే అవకాశం ఇస్తారు. అంటే ఏమీ ఇవ్వనివాడికి వచ్చేది ఆ ఊరికే దొరికిన ముద్ద మాత్రమే. ఈ నియమాన్ని మనసులో ఉంచుకోండి. నా కథ అక్కడే తిరిగింది.

ముందుగా ఒక హెచ్చరిక

టొరెంట్ అనగానే కొత్త సినిమాలే గుర్తొస్తాయి. అనుమతి లేని సినిమా తెచ్చుకోవడం 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం తప్పు. పైగా టొరెంట్‌లో తెచ్చుకుంటూనే ఇతరులకు పంచుతాం కనుక తప్పు రెండింతలు. అట్లాంటి ఫైళ్ళతో వైరస్‌లు కూడా వస్తాయి. ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ సిస్టమ్‌లు, లిబ్రె ఆఫీస్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోని పాత పుస్తకాలు, నెట్ లేకుండా చదువుకునే కివిక్స్ వికీపీడియా ఫైళ్ళు – వీటిని వాటి యజమానులే టొరెంట్‌గా ఇస్తున్నారు. ఈ పాఠం అటువంటి వాటి కోసం. ఇంకో మాట: కాలేజీ, హాస్టల్ వైఫైలలో టొరెంట్ నిషేధం ఉంటే దాన్ని పాటించాలి. ఇక్కడ చెప్పేది ఇంటి కనెక్షన్ గురించే.

లోపం ఎక్కడుంది? ఒక్కొక్క మెట్టు

డాక్టరు అన్ని మందులూ ఒకేసారి రాయడు. మనం కూడా ఒకసారి ఒక్కటే మార్చి చూడాలి. అన్నీ కలిపి మారిస్తే దేనివల్ల బాగైందో తెలియదు.

1. లెక్క సరిచూసుకోండి. కంపెనీలు వేగాన్ని బిట్లలో చెబుతాయి, టొరెంట్ ప్రోగ్రాం బైట్లలో చూపిస్తుంది. 8 బిట్లు ఒక బైటు. కాబట్టి 40 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 5 మెగాబైట్లే. స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు వీలైతే వైఫై కాకుండా కేబుల్ పెట్టి చూడండి. నెలవారీ డేటా పరిమితి దాటితే అన్నీ నెమ్మదిస్తాయి, అదీ చూసుకోండి.

2. పరీక్ష ఫైలు వేయండి. సీడర్లు చాలామంది ఉన్న కొత్త ఉబుంటు టొరెంట్‌ను పది నిమిషాలు నడపండి. అది వేగంగా వస్తే మన లైను మంచిదే, కంపెనీ టొరెంట్‌ను ఆపడం లేదు. లోపం ఆ రెండో ఫైలుకు సంబంధించినది. సీడర్లు సున్నా అయితే ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు.

3. కంప్యూటర్ చూడండి. ఫైర్‌వాల్‌లో టొరెంట్ ప్రోగ్రాంకు అనుమతి ఉండాలి. పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా తెస్తున్నారా? పాత పెన్‌డ్రైవ్‌లు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి, వాటిలో 4 జీబీకి మించిన ఒక్క ఫైలు పట్టదు. చాలామందికి డౌన్‌లోడ్ మధ్యలో ఆగేది ఇందుకే. ప్రోగ్రాం విషయానికొస్తే క్యూబిట్‌టొరెంట్, ట్రాన్స్‌మిషన్ రెండూ ఉచితం, ప్రకటనలు ఉండవు.

4. అప్‌లోడ్ హద్దు సరిచేయండి. హద్దు లేకుండా వదిలేస్తే లైనంతా అప్‌లోడ్‌తో నిండి, 'అందింది' అని మనం పంపే చిన్న చిన్న సమాధానాలు కూడా ఇరుక్కుంటాయి. అప్పుడు డౌన్‌లోడ్ కూడా నెమ్మదిస్తుంది. మరీ తగ్గిస్తే పీర్లు మనకు ఇవ్వరు. అప్‌లోడ్ వేగంలో 70–80 శాతం దగ్గర హద్దు పెట్టడం మంచిది. మొత్తం కనెక్షన్లు 200 లోపు ఉంచండి. చవక రౌటర్లు వందల కనెక్షన్లను మోయలేక మొరాయిస్తాయి.

5. రౌటర్ తలుపు తెరవండి. ఇంట్లోని ఫోన్లకు, కంప్యూటర్లకు 192.168తో మొదలయ్యే లోపలి అడ్రసులు ఉంటాయి. బయటి ప్రపంచానికి కనిపించేది రౌటర్ ఒక్కటే. మన హాస్టల్‌కు రూమ్ నంబర్ లేకుండా ఉత్తరం వస్తే వాచ్‌మన్ ఏం చేస్తాడు? ఎవరిదో తెలియక పక్కన పెడతాడు. రౌటర్ కూడా అంతే. 'ఫలానా పోర్టుకు వచ్చింది ఫలానా కంప్యూటర్‌కు ఇవ్వు' అని చెప్పడమే పోర్ట్ ఫార్వర్డింగ్. రౌటర్‌లో యూపీఎన్‌పీ ఉంటే ఆ పని దానంతట అదే జరుగుతుంది. పాతకాలపు 6881–6889 పోర్టులు వాడకుండా 49152 నుంచి 65535 మధ్య ఒకటి ఎంచుకోండి.

6. అడ్రస్ మీదేనా? రౌటర్ పేజీలో కనిపించే బయటి అడ్రస్, 'నా ఐపీ ఎంత' అని నెట్‌లో వెతికితే వచ్చే అడ్రస్ ఒకటే కావాలి. వేరువేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే, కంపెనీ చాలా ఇళ్ళను ఒకే అడ్రస్ వెనుక పెట్టిందన్నమాట. దీన్ని సీజీ-నాట్ అంటారు. వీధి మొత్తానికి ఒకే డోర్ నంబర్ ఇచ్చినట్టు! పాత పద్ధతి అడ్రసులు మొత్తం సుమారు 429 కోట్లే. మన ఆసియా-పసిఫిక్ ప్రాంతానికి వాటిని పంచే ఏపీనిక్ దగ్గర 2011 ఏప్రిల్‌లోనే మామూలు నిల్వ అయిపోయింది. కాబట్టి ఇది ఒక్క కంపెనీ కుట్ర కాదు. ఇక్కడ పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు. రౌటర్‌లోనూ, టొరెంట్ ప్రోగ్రాంలోనూ ఐపీవీ6 ఆన్ చేయడం మొదటి ఉపాయం. డబ్బు కట్టి స్టాటిక్ ఐపీ అడగడం రెండోది. సీజీ-నాట్ ఉన్నంత మాత్రాన డౌన్‌లోడ్ పూర్తిగా ఆగదు. మనం వెళ్ళి ఇతరులను పలకరించవచ్చు, వాళ్ళు మన తలుపు తట్టలేరు, అంతే.

7. చివరగా కంపెనీ. మామూలు డౌన్‌లోడ్ వేగంగా, పరీక్ష టొరెంట్ మాత్రం వేళతో పని లేకుండా నెమ్మదిగా వస్తుంటే అప్పుడు కంపెనీని అనుమానించాలి. సాయంత్రం పూట మాత్రమే అన్నీ నెమ్మదిస్తే అది రద్దీ. ప్రోగ్రాంలో ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, డీహెచ్‌టీ ఆన్‌లో ఉందో లేదో చూసి, మళ్ళీ కొలవండి.

నా సంగతి ఎక్కడ తేలింది?

నేను ఇవే మెట్లు ఎక్కాను. స్పీడ్ టెస్ట్‌లో 38 వచ్చింది. ఉబుంటు సెకనుకు 4 మెగాబైట్లతో పరుగెత్తింది. అంటే అన్ని రోజులు నేను తిట్టుకున్న కంపెనీ తప్పు కాదు. నా డేటాసెట్‌కు సీడర్లు ఇద్దరే, పీర్లు మాత్రం చాలామంది. పీర్లు ఇంతమంది ఉండీ నాకెందుకు ఇవ్వరు?

నాలుగో మెట్టు దగ్గర దొరికింది. వారం కిందట నేను వేరే టొరెంట్ నడుపుతుంటే, ఇంటర్ చదివే మా చెల్లె పక్క గదిలోంచి అరిచింది. "అన్నా, సారు మాట ఆగిపోతాంది, నాకేం వినబడ్తలేదు!" ఆమె ఆన్‌లైన్ క్లాసు తెగిపోతోంది. కోపంలో, తొందరలో నేను అప్‌లోడ్‌ను సెకనుకు 1 కిలోబైటుకు బిగించేశాను. 'మన డబ్బులు పెట్టి ఊరోళ్ళకు ఎందుకు పంచాలె' అన్న ఆలోచన కూడా మనసులో లేకపోలేదు. చెల్లె క్లాసు బాగైంది, నేను ఆ సెట్టింగు మరచిపోయాను. ఇవ్వనివాడికి ఎవరూ ఇవ్వరు కనుక నా డేటాసెట్ ఎండిపోయింది.

అప్‌లోడ్ హద్దు సరిచేసి, కనెక్షన్లు తగ్గించి, ఐపీవీ6 ఆన్ చేశాను. చెల్లెకు ఇబ్బంది లేకుండా రాత్రి 11 నుంచి ఉదయం 5 వరకే నడిచేలా టైము పెట్టాను. వేగం 650 కిలోబైట్లకు వచ్చింది. మూడు రాత్రుల్లో 40 జీబీ దిగింది. రివ్యూ గడువులోనే అయింది.

ఈ రాత్రి లెక్క మన సీనియర్లకు కొత్త కాదు. 2005లో బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన తొలి ఏళ్ళలో 256 కేబీపీఎస్ వేగం, పరిమిత డేటా. కొన్ని ప్లాన్లలో రాత్రి 2 నుంచి ఉదయం 8 వరకు వాడింది లెక్కలోకి వచ్చేది కాదు. ఆ ఆరు గంటల్లో దిగేది సుమారు 690 మెగాబైట్లు. అంటే రాత్రికి ఒక సీడీ! అలారం పెట్టుకుని లేచి కంప్యూటర్ ముందు కూర్చున్న తరం అది.

చట్టం ఏమంటుంది?

2007లో అమెరికాలో కామ్‌కాస్ట్ కంపెనీ టొరెంట్ కనెక్షన్ల మధ్యలో దొంగ సందేశాలు పంపి వాటిని తెంపుతోందని బయటపడింది. 2008లో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆపమని ఆదేశించింది, 2010లో కోర్టు ఆ ఆదేశాన్ని కొట్టివేసింది. మన దేశంలో 2012లో తమిళ సినిమా '3', తెలుగు సినిమా 'దమ్ము' విషయంలో మద్రాసు హైకోర్టు ఇచ్చిన ఉత్తర్వులతో కొన్ని కంపెనీలు మొత్తం వెబ్‌సైట్లనే మూసేశాయి. ఆ ఏడాది జూన్‌లో కోర్టు వివరణ ఇచ్చింది: తప్పు ఫైలున్న ఆ ఒక్క చిరునామానే ఆపాలి, మొత్తం సైటును కాదు. 2018 జులైలో కేంద్ర టెలికాం శాఖ నెట్ న్యూట్రాలిటీని ఆమోదించింది. సహేతుకమైన రద్దీ నిర్వహణ తప్ప, ఒక రకం సమాచారాన్ని కావాలని ఆపడం, నెమ్మదించడం కుదరదన్నది దాని సారం.

కాబట్టి ఏడో మెట్టు దాకా వచ్చాక కూడా లోపం కంపెనీదే అని తేలితే భయపడకుండా ఫిర్యాదు చేయండి. 'నెట్ స్లో' అంటే రౌటర్ ఆపి మళ్ళీ వేయమంటారు. 'మామూలు డౌన్‌లోడ్ ఇంత, టొరెంట్ ఇంత, ఫలానా తేదీ, ఫలానా సమయం' అని కొలిచి రాసిస్తే జవాబు చెప్పక తప్పదు. ఫిర్యాదు నంబరు తీసుకోండి. పరిష్కారం కాకపోతే ఆ కంపెనీ అప్పీలు అధికారికి రాయండి.

ముగింపు

నా డేటాసెట్ దిగిన తర్వాత కూడా టొరెంట్‌ను నెల రోజులు రాత్రిపూట నడిపాను. సీడర్లు ఇద్దరుండేవాళ్ళు, నాతో ముగ్గురయ్యారు. నాలాగే ఎక్కడో ఒకడు రివ్యూ తేదీ చూసుకుంటూ కూర్చుని ఉంటాడు కదా!

మిత్రులారా, ఈ పద్ధతి మనకు కొత్తదా? పదో తరగతిలో నేను చదివిన గైడు మీద నాకంటే ముందు చదివిన నలుగురి పేర్లున్నాయి. ఐదో పేరు నాది. నేను వెళ్ళేటప్పుడు దాన్ని తమ్ముళ్ళకు ఇచ్చి వెళ్ళాను. సీడర్ అనే మాట అప్పుడు తెలియదు, అంతే. ఇంట్లో నెట్ ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక మనవి: వచ్చే వార్షికోత్సవానికి ఒక పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు, ఇంకొక దానిలో తెలుగు వికీపీడియా వేసుకుని రండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 కాకుండా చూసుకోండి!

ఈ పాఠం ఒక్క తమ్ముడి రాత్రినైనా మిగిలిస్తుందని ఆశిస్తూ, సెలవు.

– ఒక పూర్వ విద్యార్థి, పీజీ చివరి సంవత్సరం, హనుమకొండ