వెన్నెల రాత్రుల వైమానికుడు

యుద్ధవీరులలో రెండు తెగలవారు గలరు. కొందరి సాహసకార్యములు మరునాడే పత్రికలకెక్కి లోకమంతటను మారుమ్రోగును. మరికొందరు చేసిన పని వారి యింటివారికైనను తెలియదు. చేసినది చెప్పరాదను కట్టుబాటునకు లోబడి వారు వృద్ధాప్యమువరకును పెదవి విప్పక, ఆ మౌనముతోనే కన్నుమూయుదురు. అట్టివారి చరిత్రమును వారి మనుమలు, మనుమరాండ్రు ఎట్లు వెదకి తెలిసికొందురో యీ పాఠమున చూతము.

రెండవ ప్రపంచ యుద్ధమున, 1940వ సంవత్సరములో, ఫ్రాన్సు దేశము జర్మనీకి లొంగిపోయెను. శత్రువుల యేలుబడిలో నున్న దేశములందు రహస్యముగా పోరాడువారికి తోడ్పడుటకై బ్రిటిషు ప్రభుత్వము ఆ యేడు జూలై మాసమున ఒక రహస్య సంస్థను నెలకొల్పెను. దాని దూతలను, ఆయుధములను, వైర్లెస్ యంత్రములను శత్రుభూమికి చేర్చు భారము బ్రిటిషు వైమానిక దళములోని 138, 161 సంఖ్యలు గల రెండు స్క్వాడ్రనులపై పడెను. ఇంగ్లండులోని టెంప్స్‌ఫర్డు విమానాశ్రయము వానికి ముఖ్యస్థానము.

ఈ పనికి వాడిన విమానములలో లైసాండరు అనునది చిన్నది. దానికి ఇంజను ఒక్కటే. అది మందగమనము గలదైనను, కొద్దిపాటి పచ్చికబయలుపై దిగి మరల లేవగలదు. దూరప్రయాణమునకై దాని పొట్టక్రింద అదనముగా పెట్రోలు తొట్టి నమర్చిరి. ప్రయాణికులు త్వరగా ఎక్కి దిగుటకు ప్రక్కన నిచ్చెన బిగించిరి. దారి చూపు సహచరుడు లేడు. వైమానికు డొక్కడే పటమును చూచుకొనుచు, వెన్నెలలో మెరయు నదులను గుర్తుపట్టుచు పోవలెను. కావుననే యీ ప్రయాణములు సాధారణముగా పూర్ణిమకు ముందు వెనుకల రాత్రులందు సాగెడివి.

గమ్యస్థానమున నేలపై మూడు చేతిదీపములు మాత్రమే యుండును. క్రింద నున్నవారు ముందుగా నిర్ణయించుకొన్న సంకేతాక్షరమును దీపపు మెరుపులతో తెలుపవలెను. అక్షరము తప్పినచో అది శత్రువుల వల కావచ్చును గనుక, వైమానికుడు దిగక మరలిపోవలెను. దిగినచో దూతలు దిగుట, తిరిగి రావలసినవారు ఎక్కుట, విమానము లేచుట యంతయు కొద్ది నిమిషములలో ముగియవలెను.

ఇట్టి వైమానికుని మనుమడొకడు తాతగారి చరిత్రమును వెదకబూనె ననుకొందము. "మా తాతగారు నూర్ ఇనాయత్ ఖానును ఫ్రాన్సునందు దింపిరి" అను మాట ఆ యింట వాడుకలో నున్న దనుకొందము. నూర్ తండ్రి బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. టిప్పు సుల్తాను వంశముతో ఆమెకు సంబంధము గలదు. అట్టి వీరవనితను చేర్చినవాడు మా తాత యని చెప్పుకొనుట యెవరికి ఇష్టము కాదు? కాని ఇష్టమైనది యెల్ల సత్యము కానేరదు. దానిని పరీక్షింపవలెను.

మొదటి సాక్ష్యము వైమానికుని దినచర్య పుస్తకము. అందు తేది, విమానము, గాలిలో నున్న గంటలు వ్రాసి యుండును. ప్రయాణికుల పేర్లుండవు. వారి నిజమైన పేర్లు అతనికి తెలియనీయకుండుటయే నియమము. రెండవ సాక్ష్యము స్క్వాడ్రను కార్యక్రమ గ్రంథము. ఇది లండను నగర ప్రాంతమున క్యూ అను చోట నున్న జాతీయ పత్రభాండారమున భద్రపరుపబడి యున్నది. మూడవ సాక్ష్యము దూతల సొంత దస్త్రములు. ఇవి చాలకాలము రహస్యముగా నుంచబడి, 1990 తరువాతి సంవత్సరములలో క్రమక్రమముగా ప్రజలకు లభించెను. సంస్థ కాగితములు కొన్ని 1946వ సంవత్సరమున అగ్నికి ఆహుతియైనవి గనుక, ఏ యొక్క దస్త్రమును నమ్ముకొని కూర్చుండరాదు. ఒకదానిప్రక్క ఒకటి నుంచి తేదీలు పోల్చి చూడవలెను.

చంద్రుడు కూడ ఒక సాక్షియే. నూర్ ఫ్రాన్సునకు చేరినది 1943వ సంవత్సరము జూన్ 16వ తేది రాత్రి, తెల్లవారిన 17. మన స్వభాను సంవత్సర పంచాంగమున జ్యేష్ఠ పూర్ణిమ ఆ దినములకు ఆనుకొని యుండుటను చూడవచ్చును. అమావాస్యనాడు లైసాండరులో పోయి పొలమున దిగితి నను కథ వినబడినచో అనుమానింపవలసినదే.

ఆ రాత్రి ఆంజే పట్టణమునకు సమీపమున రెండు లైసాండరులు దిగెను. వానిని నడిపినవారు రైమిల్స్, మెకెయిర్న్స్ అను వైమానికులు. కావున మన మనుమని తాత వీరిలో నొకడు కానిచో, ఆ యింటి మాట నిలువదు. మనసునకు కష్టమైనను దానిని విడువవలెను. అట్లు విడుచుటవలన తాతగారికి లోటు రాదు. ఇతరుని కీర్తిని తొలగించిన పిదపనే ఆయన స్వయముగా చేసిన పని స్పష్టముగా కనబడును. ఆయన దినచర్యలోని మరియొక వెన్నెల రాత్రి, అంతవరకు ఎవరును చదువని పంక్తి, మాటలాడసాగును.

ఈ పరిశోధనలో దుఃఖమును గలదు. జూన్ మాసపు ఆ రాత్రి దిగిన నలుగురు దూతలలో యుద్ధానంతరము ఇల్లు చేరినవా డొక్కడును లేడు. నూర్ అక్టోబరులో పట్టుబడి, 1944వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదిని డాఖౌ నిర్బంధ శిబిరమున చంపబడెను. 1949వ సంవత్సరమున ఆమెకు మరణానంతరము జార్జి క్రాసు పతక మిచ్చిరి. వైమానికులు తమ పనిని లోపము లేకుండ నెరవేర్చిరి. అయినను నిచ్చెన దిగి చీకటిలో కలిసిన ఆ మనుష్యులు ఏమైరో వారికి అప్పుడు తెలియదు. తరువాత తెలిసిన వారిలో పలువురు ఆ రాత్రులనుగూర్చి ఇంట మాటలాడకుండుటకు రహస్య నియమ మొక్కటే కారణము కాకపోవచ్చును.

విద్యార్థులారా! ఆ యుద్ధకాలమున భారత సైన్యమున చేరినవారు సుమారు 25 లక్షలమంది. వారిలో మన తెలుగు గ్రామములవారును గలరు. మీ యింటి పాతపెట్టెలో ఒక పతకమో, ఉద్యోగవిరమణ పత్రమో, మాసిన ఉత్తరమో దొరకినచో పారవేయకుడు. దానిమీది సంఖ్యను, తేదిని వ్రాసికొనుడు. పెద్దలు చెప్పినది ఆదరముతో వినుడు. విన్నదానిని కాగితముతో పోల్చి చూడుడు. పూర్వులను పొగడుట సులభము, వారిని ఉన్నవారిని ఉన్నట్లు తెలిసికొనుట కష్టము. మౌనముగా పోయినవారికి మనము చెల్లింపగల ఋణము ఆ కష్టమే.