గులాబీ రంగు పురుగులో బీటీ నిరోధకత: పరిణామ క్రమం, యాజమాన్య సూత్రాలు

'పురుగు మందుకు అలవాటు పడింది' అన్న మాట గ్రామాల్లో తరచుగా వినిపిస్తుంది. అయితే నిరోధకత ఒక పురుగు తన జీవితకాలంలో నేర్చుకునే గుణం కాదు. జనాభాలో ముందే అరుదుగా ఉన్న జన్యు మార్పు, విషపు ఒత్తిడి వల్ల తరతరానికీ వ్యాపించడమే నిరోధకత. ఈ భేదం గుర్తిస్తేనే సరైన యాజమాన్యం సాధ్యమవుతుంది.

బీటీ పత్తిలోని క్రై 1ఏసీ విషప్రోటీను, పురుగు మధ్య జీర్ణనాళంలోని కాడ్‌హెరిన్ అనే గ్రాహక ప్రోటీనుకు అంటుకొని పనిచేస్తుంది. కాడ్‌హెరిన్ జన్యువు మారితే విషం సరిగా అంటుకోదు. కానీ ఈ లక్షణం ప్రధానంగా అంతర్గతం. తల్లిదండ్రులిద్దరి నుంచీ మారిన జన్యువు పొందిన పురుగే బతుకుతుంది. ఆ జన్యువు వెయ్యింటికి ఒకటి చొప్పున ఉందనుకుంటే, అటువంటి పురుగులు పది లక్షలకు ఒకటి మాత్రమే. అది బీటీయేతర పత్తిపై పెరిగిన రెక్కల పురుగుతో జతకూడితే, సంతానం బీటీ మొక్కపై చనిపోతుంది. ఆశ్రయ పంట ఉద్దేశం ఇదే.

భారతదేశంలో 2002లో ఒక జన్యువు గల బీటీ పత్తి, 2006లో క్రై 2ఏబీ కూడా చేర్చిన పత్తి అనుమతి పొందాయి. బీటీయేతర పత్తిని 20 శాతం విస్తీర్ణంలో లేదా చుట్టూ ఐదు వరుసల్లో వేయాలన్న నిబంధనను చాలామంది పాటించలేదు. పైగా ఒక బీటీ జన్యువు గల హైబ్రిడ్ కాయలో సుమారు నాలుగో వంతు గింజల్లో విషం ఉండదు. గింజ నుంచి గింజకు మారే పురుగుకు పూర్తి మోతాదు అందక, ఒక్క మారిన జన్యువు గలవీ బతికే అవకాశం ఏర్పడింది. ఏరివేతల కోసం పంటను వేసవి వరకు పొడిగించడం మరిన్ని తరాలకు ఆహారమిచ్చింది. 2010లో గుజరాత్‌లో క్రై 1ఏసీ నిరోధకత వెల్లడైంది. తరువాతి ఐదారేళ్లలో రెండు విషాలనూ తట్టుకునే పురుగులు కనిపించాయి.

అమెరికాలోని అరిజోనాలో అదే పురుగు, 1996 నుంచి బీటీ పత్తి సాగైనా, పొలాల్లో లొంగే గుణం కోల్పోలేదు. అక్కడి రైతులు ఆశ్రయ పంట వేశారు. 2006 నుంచి వంధ్య రెక్కల పురుగులను విడుదల చేశారు. 2018లో అమెరికా పత్తి ప్రాంతాల్లో ఈ పురుగు నిర్మూలనను ప్రకటించారు.

తెలుగు రాష్ట్రాల్లోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. తక్కువ కాలపు రకాలు వేసి, డిసెంబరు చివరికి పంట ముగించి, మోళ్లను తొలగించాలి. గుడ్డిపూలను ఏరి నాశనం చేయాలి. లింగాకర్షక బుట్టలో రోజుకు 8 చొప్పున వరుసగా మూడు రోజులు రెక్కల పురుగులు పడినప్పుడే మందు పిచికారి చేయాలి. ఒకే వర్గపు మందును పదేపదే వాడితే నిరోధకత మళ్లీ ఎంపికవుతుంది. లొంగే పురుగులు కూడా రక్షించుకోదగిన వనరేనని రైతుకు వివరించడం విస్తరణ శాస్త్రవేత్తల ముఖ్య బాధ్యత.