బిందు సేద్యమునకు తగిన ఫిల్టరు

బిందు సేద్యమున నీరు చుక్కలుగా వెలువడు దారులు మిక్కిలి సన్ననివి. ఇసుక రేణువులు అడ్డుపడినచో చెట్టునకు నీరందదు. ఆ చెట్టు వాడువరకు మనము గుర్తింపము. కావున ఫిల్టరు కొనుటకు ముందు నీటిని గాజుసీసాలో పట్టి నిలువయుంచి చూడుడని సభ్యులకు మనవి చేయుచున్నాము.

అడుగున ఇసుక దిగినచో, సాధారణముగా బోరునీటి కట్లుండును, ముందు హైడ్రోసైక్లోనును, పిదప జల్లెడ ఫిల్టరును అమర్చవలెను. చెరువు, కాలువ నీటిలోని నాచు జల్లెడను త్వరగా పూడ్చును. అచ్చట ముందు ఇసుక ఫిల్టరుండవలెను. జల్లెడకు సాధారణముగా అంగుళమునకు 120 కన్నులు చాలును.

ఫిల్టరునకు ఇరుప్రక్కల ప్రెషరు గేజీల నుంచుడు. వాని భేదము పెరిగినచో ఫిల్టరును కడుగవలెను. ఎన్నాళ్లకును పెరుగనిచో సంతోషింపక విప్పి చూడుడు, జల్లెడ చిరిగియుండవచ్చును.