ఖాళీ ఎక్కడ ఉండాలి?

మియాపూర్‌లో మాకు రెండు వందల గజాల ప్లాటు ఉంది. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు. "సివిల్ థర్డ్ ఇయర్ చదువుతున్నావుగా, ప్లాను నువ్వే గీసెయ్" అన్నారు నాన్న. ఆయన సరదాగానే అన్నారు, నేను మాత్రం సీరియస్‌గా తీసుకున్నాను. అసలు గొడవ అక్కడే మొదలైంది.

ఇప్పుడు మేం అద్దెకుంటున్నది మెట్రో స్టేషన్‌కి కాస్త లోపలగా, ఒక బిల్డింగ్ పై అంతస్తులో. నాయనమ్మ గది నెత్తిన నేరుగా స్లాబే. మే నెలలో రాత్రి పదింటికి ఆ గది గోడ మీద చెయ్యి పెడితే, ఇప్పుడే దించిన పెనంలా ఉంటుంది. ఆవిడకేమో ఏసీ పడదు, మోకాళ్లు పట్టేస్తాయి. చాప, దిండు పట్టుకుని బాల్కనీలోకి వెళ్లిపోతుంది. ఐదంగుళాల కాంక్రీటు స్లాబ్ మధ్యాహ్నం తాగిన ఎండను ఇంచుమించు నాలుగు గంటల్లో కిందికి దించేస్తుంది. అంటే ఇంట్లోవాళ్లు చేరే సాయంత్రానికి వేడి కూడా చేరుతుందన్నమాట. రెండడుగుల మట్టిగోడైతే అదే పనికి సగం రోజు కంటే ఎక్కువే తీసుకుంటుంది. ఆలోగా బయట చల్లబడిపోతుంది.

ఈ లెక్కల కోసం వెతుకుతుంటే ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ (1900-1989) దొరికాడు. సిమెంటు మోజు ఊపందుకున్న రోజుల్లో పాత కైరో ఇళ్లు ఎందుకు చల్లగా ఉంటాయో కూర్చుని చదివిన మనిషి. 1940లలో లక్సర్ దగ్గర కొత్త గుర్నా అనే ఊరిని మట్టి ఇటుకలతో కట్టాడు. ఎవరి కోసం కట్టాడో వాళ్లలో చాలామంది ఆ ఇళ్లలోకి రాలేదు, అది వేరే సంగతి. పాత సమాధుల పక్కనే వాళ్ల బతుకుతెరువు. ఈ ముక్క నాన్నకు చెప్పకుండా ఉండాల్సింది. "చూశావా, బతుకుతెరువు ముందు" అని పట్టుకున్నారు. ఆయన లెక్కలో బతుకుతెరువంటే పై రెండంతస్తుల అద్దె.

అరబ్బు ఇంటి గుట్టు ఒక్క మాటలో చెప్పాలంటే, ఖాళీ మధ్యలో ఉంటుంది. గదులు దాని చుట్టూ ఉంటాయి, వీధి వైపు గోడలు దాదాపు మూసేసి ఉంటాయి. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి నడిమి వాకిట్లోకి దిగి, అక్కడే మడుగులా నిలుస్తుంది. పొద్దెక్కేదాకా చుట్టూ ఉన్న గదులు ఆ చల్లదనాన్ని వాడుకుంటాయి. ఎండ ముదిరాక వేడిగాలి పైకి పోతుంది, నీడలో ఉన్న కింది గాలి గదుల్లోకి జరుగుతుంది. కైరోలో ఇంకో తమాషా ఉంది. నీడగా ఉండే చిన్న వాకిలికీ, ఎండ కాసే పెద్ద పెరడుకీ మధ్య, రెండు వైపులా గాలి ఆడే ఒక అరుగు కడతారు. తఖ్తబూష్ అంటారు. పెరట్లో వేడెక్కిన గాలి పైకి లేస్తుంటే ఆ చోటు నింపడానికి వాకిట్లోని చల్లగాలి అరుగు మీదుగా పోతుంది. కూర్చున్నవాళ్లకు ఫ్యాన్ లేకుండానే గాలి.

ఇదంతా మనకు కొత్త అనుకుంటే పొరపాటు. నాయనమ్మ పుట్టింది గోదావరి వైపు మండువా లోగిలిలో. నా బొమ్మ చూసి "ఇది మా ఇల్లేగా, దీనికి అరబ్బు దేశం ఎందుకు?" అంది. హైదరాబాద్ పాతబస్తీ దేవిడీలదీ ఇదే పద్ధతి. పైగా మాటలు చూడండి: తెలంగాణలో నీళ్ల తొట్టిని హౌజు అంటాం, అది అరబ్బీ మాట. కిటికీకి బిగించే చెక్క జాలీని వాళ్లు మష్రబియ్యా అంటారు. తాగడం అనే ధాతువు నుంచి వచ్చిందంటారు, మన షర్బత్‌కీ అదే ధాతువు. ఆ జాలీ వెనక నీళ్ల కూజా పెట్టేవారు. కూజా చెమ్మ మీదుగా వచ్చిన గాలి చల్లబడేది, నీళ్లూ చల్లబడేవి. ఇంతకీ 'ఖాళీ' అన్న మాట కూడా అరబ్బీదే.

ఇక మా ప్లాటు. రూల్సు ప్రకారం మా ప్లానులో ముందు ఐదడుగులు, మిగతా మూడు వైపులా మీటరు చొప్పున వదిలాను. లెక్కేస్తే పద్దెనిమిది వందల చదరపు అడుగుల్లో దాదాపు 590 అంచులకే పోతాయి. మంటలు, వెలుతురు, డ్రైనేజీ, ఇవన్నీ ఆలోచించే ఆ రూలు పెట్టి ఉంటారు, కాదనను. కానీ మీటరు సందులో కిటికీ తెరిస్తే పక్కింటి వంటగది. అందుకే మా వీధిలో ఆ కిటికీలన్నీ మూసే ఉంటాయి, పైన కర్టెన్. అంత ఖాళీ ఉండీ గాలి లేదు. నేను మధ్యలో అడిగింది ఎనిమిది బై పది, ఎనభై చదరపు అడుగులు.

"మూడు ఫ్లోర్లకు రెండు వందల నలభై. ఒక బెడ్‌రూమ్ పోయిందిరా" అన్నారు నాన్న. తప్పు కాదు. లోన్ కట్టేది ఆయన.

కైరోను కాపీ కొడితే కుదరదని నాకూ తెలిసొచ్చింది. అక్కడ ఏడాదికి పాతిక మిల్లీమీటర్ల వాన, మనకు ఎనిమిది వందలు. ఆ ఎనభై అడుగుల్లోనే ఏడాదికి దాదాపు ఆరు వేల లీటర్లు పడతాయి. కాబట్టి మండువాలోలా అడుగున వాలు, తూము, ఇంకుడు గుంత. వానాకాలంలో కూజా పక్కన పెట్టాల్సిందే, చెమ్మగాలిలో అది చల్లబరచదు. హౌజు కూడా వద్దు, దోమలు. మే 9 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం మన నీడ మనకే కనబడదు, సూర్యుడు సరిగ్గా నెత్తిన ఉంటాడు. ఆ వేళ ఎంత లోతైన వాకిలికైనా గోడల నీడ దొరకదు. ఏప్రిల్, మే నెలల్లో పగలు గుడ్డ పందిరి లాగి, రాత్రి తీసెయ్యాలి. అక్కణ్ణుంచి ఆగస్టు మొదటిదాకా మధ్యాహ్నపు ఎండ ఉత్తరం వైపు నుంచి వస్తుంది కాబట్టి ఉత్తరపు కిటికీలకూ సన్‌షేడ్ కావాలి.

గాలి బురుజు పెట్టాలని ఒక వారం కలలు కన్నాను. సింధ్‌లో మన ఊరి పేరే ఉన్న హైదరాబాద్ ఉంది, ఒకప్పుడు అక్కడ ఇంటింటి కప్పు మీదా సముద్రపు గాలి వైపు నోరు తెరిచిన గాలి బురుజులే. మా చుట్టూ ఐదంతస్తుల బిల్డింగులు, గాలి ఎక్కణ్ణుంచి పట్టను? బదులుగా మెట్ల గదినే వాడుకున్నాను. ఇక్కడ ముఖ్యంగా వానాకాలమంతా పడమటి గాలి, అందుకని మెట్ల గదికి తూర్పున పైన జాలీ. వేడి అటు పోతుంది. వీధి వైపు మట్టి జాలీ. పై స్లాబ్ మీద తెల్లటి చల్లదనపు పూత, 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ కూడా తెచ్చిందిగా.

ఇన్ని చెప్పినా కదలని నాన్నను నాయనమ్మ ఒక్క మాటతో కదిలించింది. "వాస్తు వాస్తు అంటావు, బ్రహ్మస్థానం ఖాళీగా ఉంచొద్దూ?" ఫతీకి తట్టని పాయింటు ఇది.

నాన్న ఒప్పుకున్నారు, సగం. వాన పడకుండా పైన గాజు పలకలు బిగిద్దామంటున్నారు. గాజు వేస్తే వేడి పోయే దారి మూసుకుంటుంది, అది వాకిలి కాదు, పొయ్యి అంటున్నాను నేను. గాజుకి రెండడుగులు కింద నాలుగు వైపులా తెరిచి ఉంచుదామని మేస్త్రి మధ్యేమార్గం చెప్పాడు. దాని సెక్షన్ రాత్రి గీశాను, వాన జల్లు ఎంత లోపలికి కొడుతుందో ఇంకా లెక్క తేలలేదు. ముగ్గు పోసే లోపు తేల్చాలి.