గుండెపోటుకు దారితీయు కారణములు

"వయస్సు పెరిగిన కొద్దీ బి.పి. పెరుగుట సహజమే" అని మన పెద్దలు కొందరు నేటికీ అనుచుందురు. ఒకప్పుడు పేరుగల డాక్టర్లు సహితము ఇట్లే తలంచిరి. 1944 మార్చిలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బి.పి. 186/108 ఉండెను. ఆనాడు దానికి సరియైన మాత్రలు లేవు. 1945 ఏప్రిల్ 12న ఆయన తల వెనుక విపరీతమైన నొప్పి అని చెప్పి స్పృహ తప్పెను. మెదడులో రక్తనాళము చిట్లి ఆ మధ్యాహ్నమే మరణించెను. వయస్సు 63 సంవత్సరములే.

1948లో అదే దేశములో ఫ్రామింగ్‌హామ్ అను పట్టణమున 5,209 మంది స్త్రీ పురుషులను రెండేళ్లకొకసారి పరీక్షించుట ప్రారంభించిరి. ఎవరికి గుండెజబ్బు వచ్చినది, వారిలో ముందు నుండి ఏమి కనిపించినది అని ఏళ్ల తరబడి వ్రాసి ఉంచిరి. హెచ్చు బి.పి., కొలెస్టరాల్, పొగత్రాగుట, షుగరు వ్యాధి అని కారణములు ఒక్కొక్కటిగా బయటపడెను. తరువాత 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన పరిశోధన బొజ్జ, మానసిక ఒత్తిడి, వ్యాయామము లేకపోవుట, కూరగాయలు పండ్లు తక్కువ తినుటను కూడా చేర్చినది. మన భారత ఉపఖండము వారికి మొదటి గుండెపోటు ఇతరులకన్న సుమారు ఐదారేళ్లు ముందుగానే వచ్చుచున్నదని కూడా అందులో తేలెను. బొజ్జ కలిగినవారి లక్షణమని మురిసిపోవువారు నడుము కొలుచుకొనవలెను. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటరాదు.

ఇక ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అనగా ఒక చిన్న చెంచాడు, మించరాదు. ఎంత దూరమున స్థిరపడినను స్వంత ఊరి నుండి ఆవకాయ జాడీ, ఎండుచేపలు, అప్పడాలు రాక మానవు! కూరలో ఉప్పు తగ్గించి ఊరగాయ రెండుసార్లు వేసికొనిన ప్రయోజనమేమి? చుట్ట, బీడీ, సిగరెట్, అడ్డపొగ ఏదైనను రక్తనాళములకు హానియే. నమలు పొగాకు కూడా తక్కువది కాదు.

బి.పి. 140/90 ఉన్నను చాలామందికి ఏ బాధయు తెలియదు. కొలిపించుకొనుట ఒక్కటే మార్గము. మాత్రలు వాడగా బి.పి. దిగినదని మానివేయువారు అనేకులు. అది దిగినది మాత్రల వలననే. డాక్టరును అడుగక ఆపరాదు.

ఛాతీలో బరువు, ఎడమ చేతికి లేక దవడకు ప్రాకు నొప్పి, చల్లని చెమట కలిగినప్పుడు గ్యాస్ అనుకొని సోడా త్రాగి పడుకొనరాదు. షుగరు ఉన్నవారికి, స్త్రీలకు నొప్పి లేక ఆయాసము మాత్రమే రావచ్చును. తెల్లవారువరకు ఆగక వెంటనే 108కి ఫోను చేయవలెను.