విండోస్ కంప్యూటర్‌పై లినక్స్ కమాండ్ లైన్ సాధనాలు: వాతావరణ, క్షేత్ర దత్తాంశ శుద్ధిలో వినియోగం

ఉపోద్ఘాతం

1991 నుండి 2020 వరకు గల 30 సంవత్సరాలలో 10,958 రోజులు కలవు. 100 వర్షమాపక కేంద్రాల దైనిక వర్షపాతాన్ని ఒకే పట్టికగా కూర్చినచో 10,95,800 వరుసలగును. ఎక్సెల్ షీటులో పట్టునవి 10,48,576 వరుసలు మాత్రమే. ఒక హెచ్చరిక చూపి, మిగిలిన వరుసలను అది విడిచిపెట్టును. ఆ హెచ్చరికను గమనించక ఫైలును అదే పేరుతో భద్రపరచినచో చివరి నాలుగైదు కేంద్రాల చరిత్ర తుడిచిపెట్టుకుపోవును. అట్లే '3-5' అని వ్రాసిన మడి సంకేతాన్ని ఎక్సెల్ తేదీగా మార్చివేయును. '007' లోని సున్నలను తొలగించును.

ఇట్టి దత్తాంశాన్ని ఉన్నదున్నట్లు చదివి, వరుస వెంట వరుసగా పరిశీలించగల సాధనాలు యునిక్స్ సంప్రదాయంలో అర్ధశతాబ్దంగా ఉన్నవి. మన ప్రయోగశాలల్లోని కంప్యూటర్లలో అధికభాగం విండోస్‌పై పనిచేయుచున్నందున, అదే యంత్రంపై వాటిని నడుపు విధానాన్ని ఈ వ్యాసం వివరించును.

మూడు మార్గాలు

మొదటిది సిగ్‌విన్. 1995లో ఆరంభమైన ఈ పద్ధతిలో లినక్స్ సాధనాల మూల సంకేతాన్ని విండోస్ కొరకు తిరిగి కంపైల్ చేయుదురు. యునిక్స్ పిలుపులను విండోస్ పిలుపులుగా మార్చు ఒక లైబ్రరీ మధ్యవర్తిగా నిలుచును. గిట్ ఫర్ విండోస్‌తో పాటు లభించు బాష్, గ్రెప్, ఆక్, సార్ట్ సాధనాలు కూడా ఈ కోవకు చెందినవే. చిన్న పనులకు ఇవి చాలును.

రెండవది 2016లో విండోస్ 10తో వచ్చిన విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్ (డబ్ల్యు.ఎస్.ఎల్.) మొదటి రూపం. ఇందులో లినక్స్ ప్రోగ్రాములను తిరిగి కంపైల్ చేయనక్కరలేదు. అవి చేయు సిస్టమ్ కాల్స్‌ను విండోస్ కెర్నెల్‌కు అర్థమగునట్లు అప్పటికప్పుడు అనువదించును.

మూడవది 2019లో ప్రకటించిన రెండవ రూపం. ఇది అనువాదాన్ని విడిచి, తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో నిజమైన లినక్స్ కెర్నెల్‌నే నడుపును. నేడు కొత్తగా స్థాపించువారికి సాధారణంగా లభించునది ఇదియే.

స్థాపన

విండోస్ 11లో గాని, విండోస్ 10 యొక్క 2004 వెర్షన్ లేదా ఆ తరువాతి వాటిలో గాని, పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరచి, 'డబ్ల్యుఎస్ఎల్' అను ఆదేశానికి 'ఇన్‌స్టాల్' అను ఎంపికను జోడించి నడిపినచో ఉబుంటు స్థాపితమగును. కంప్యూటర్‌ను పునఃప్రారంభించి, వాడుకరి పేరు, సంకేతపదం ఇవ్వవలెను. బయోస్‌లో వర్చువలైజేషన్ నిలిపివేయబడి ఉన్నచో ముందుగా దానిని అనుమతించవలెను. విండోస్ సి డ్రైవ్ లినక్స్‌లో ఎమ్‌ఎన్‌టి డైరెక్టరీ క్రింద కనిపించును. అయితే రెండవ రూపంలో అచటి ఫైళ్లను చదువుట నెమ్మదిగా సాగును. పెద్ద ఫైళ్లను లినక్స్ హోమ్ డైరెక్టరీకి నకలు చేసుకొనుట మేలు.

ఒక అభ్యాసం: వర్షపు రోజుల లెక్క

కేంద్రం, తేదీ, వర్షపాతం (మి.మీ.) అను మూడు నిలువు వరుసలుగల ఫైలును తీసుకొందము. మొదట 'హెడ్'తో తొలి పది వరుసలను చూడవలెను. 'డబ్ల్యుసి'తో మొత్తం వరుసలను లెక్కించి, రోజుల సంఖ్యను కేంద్రాల సంఖ్యతో గుణించగా వచ్చిన విలువతో సరిపోల్చవలెను. శీర్షిక వరుస ఒకటి అదనంగా ఉండును. పిమ్మట 'ఆక్'తో మూడవ నిలువు వరుస 2.5 లేదా అంతకు మించిన రోజులను కేంద్రం వారీగా లెక్కించి, ఫలితాన్ని పైపు ద్వారా 'సార్ట్'కు పంపవలెను. భారత వాతావరణ శాఖ నిర్వచనం ప్రకారం 2.5 మి.మీ. లేదా ఆపైన వర్షం కురిసిన రోజే వర్షపు రోజు.

లోపించిన విలువకు బదులు -999 అని నమోదు చేయు ఆచారం గల ఫైళ్లలో జాగ్రత్త అవసరం. 30 సంవత్సరాలలో అట్టి రోజు ఒక్కటున్నను వార్షిక సగటు సుమారు 33 మి.మీ. తగ్గును. ఈ తగ్గుదల చూచువారికి సహజంగానే తోచును. కనుక సగటు తీయుటకు ముందే అట్టి వరుసలను వేరుచేసి, వాటి సంఖ్యను విడిగా నివేదించవలెను.

కనిపించని అక్షరం

విండోస్ ఫైలులో ప్రతి వరుస చివర క్యారేజ్ రిటర్న్, లైన్ ఫీడ్ అను రెండు గుర్తులుండును. లినక్స్‌లో లైన్ ఫీడ్ మాత్రమే. దీని పర్యవసానాన్ని నేను స్వయంగా అనుభవించితిని. నా పర్యవేక్షణలో నాలుగు పునరావృతాలతో సాగిన వరి ప్రయోగంలో రెండు పునరావృతాల దత్తాంశం విండోస్ ఎడిటర్‌లోను, రెండింటిది లినక్స్‌లోను నమోదై, ఒకే ఫైలుగా కలిసినది. రకం పేరు చివరి నిలువు వరుసలో ఉన్నది. 'ఎం.టి.యు. 1010' మడులను ఎంపిక చేయుమని ఆక్‌ను కోరగా, అది సగటును ఇచ్చినది. ఆ అంకె నమ్మదగినదిగానే ఉన్నందున నేను అంగీకరించితిని. మడుల సంఖ్యను కూడా ముద్రించి చూడవలెనన్న ఆలోచన విద్యార్థినిది. నాలుగుకు బదులు రెండు వచ్చినది. మిగిలిన రెండు మడులలో రకం పేరు వెనుక క్యారేజ్ రిటర్న్ దాగియున్నది; తెరపై పేర్లు ఒక్కటే, యంత్రానికి వేర్వేరు. ఆ సంఖ్యను ముద్రించకున్నచో, తప్పుడు సగటు సిద్ధాంత గ్రంథంలో చేరియుండెడిది.

'ఫైల్' అను ఆదేశం వరుసాంతాల రకాన్ని తెలుపును. 'డాస్ టు యునిక్స్' వాటిని సరిచేయును.

ఇతర జాగ్రత్తలు

1. విండోస్‌లోను 'ఫైండ్' కలదు. అది ఫైలులోని పాఠాన్ని వెదకును. లినక్స్ 'ఫైండ్' ఫైళ్లనే వెదకును. ఏ తెరలో ఉన్నామో గమనించవలెను.
2. 'సార్ట్' అంకెలను అక్షరాలుగా భావించి 1, 10, 2 అని పేర్చును. సంఖ్యాక్రమానికి 'ఎన్' ఎంపిక ఇవ్వవలెను.
3. లినక్స్ ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద, చిన్న అక్షరాలు వేర్వేరు.
4. యు.టి.ఎఫ్.-8లో ప్రతి తెలుగు సంకేతానికి 3 బైట్లు. 'వరి' అను మాట 9 బైట్లు. గ్రామాల పేర్ల నిడివిని బైట్లతో కొలువరాదు.

ముగింపు

మూల ఫైలును చదువుటకు మాత్రమే అనుమతించి భద్రపరచవలెను. శుద్ధికి వాడిన ఆదేశాలన్నిటిని ఒక స్క్రిప్టు ఫైలులో వ్రాసి, దత్తాంశంతో పాటు ఉంచవలెను. మౌస్‌తో చేసిన మార్పుకు సాక్ష్యం మిగులదు. స్క్రిప్టును మాత్రం పరీక్షకుడు గాని, తరువాతి విద్యార్థి గాని తిరిగి నడిపి చూడగలరు. ప్రతి సగటు ప్రక్కన దానికి ఆధారమైన మడుల సంఖ్యను ముద్రించు అలవాటును స్నాతకోత్తర విద్యార్థులు తొలి సెమిస్టరు నుండే చేసుకొనవలెను.