మొలస్కమ్ కాంటాజియోసమ్: ఏ వైరస్, ఏ కుటుంబం?

పిల్లల చర్మంపై నున్నగా మెరిసే చిన్న పొక్కులు, 2 నుంచి 5 మిల్లీమీటర్ల సైజు, నడిమధ్యలో చిన్న గుంట. ఆ గుంటే ఈ వ్యాధికి ప్రధాన గుర్తు. కారకం పాక్స్‌విరిడే కుటుంబానికి చెందిన డీఎన్ఏ వైరస్. 1980లో నిర్మూలన అయినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన మశూచి వైరస్‌దీ ఇదే కుటుంబం.

పరీక్షలు రాసే అభ్యర్థులు తడబడేది ఏ చర్మవ్యాధికి ఏ వైరస్ అన్న దగ్గరే. ఆటలమ్మకు కారణం హెర్పిస్ కుటుంబానికి చెందిన వారిసెల్లా జోస్టర్ వైరస్. పులిపిర్లకు హ్యూమన్ పాపిలోమా వైరస్. ఈ తేడాను గట్టిగా గుర్తుంచుకోవాలి.

చర్మం తగలడం వల్ల, తువ్వాళ్లు, బట్టలు పంచుకోవడం వల్ల మొలస్కమ్ అంటుకుంటుంది. గోకితే అదే ఒంటిపై మరోచోటికి పాకుతుంది, కాబట్టి పొక్కులను గిల్లనివ్వకూడదు. పెద్దల్లో లైంగిక సంపర్కం ద్వారానూ సోకుతుంది. హెచ్ఐవీ ముదిరిన వారిలో పొక్కులు పెద్దవిగా, ఎక్కువగా వస్తాయి.

ఆరోగ్యవంతులైన పిల్లల్లో ఈ వ్యాధి సాధారణంగా 6 నుంచి 12 నెలల్లో, కొందరిలో ఇంకా ఆలస్యంగా, దానంతటదే తగ్గుతుంది. తల్లిదండ్రులు బెంబేలెత్తి బడి మాన్పించాల్సిన పని లేదు. పొక్కులను బట్టతోనో కట్టుతోనో కప్పితే చాలు. బ్యాక్టీరియాపై పనిచేసే యాంటీబయాటిక్స్ ఈ వైరస్‌ను ఏమీ చేయలేవు. అవసరమైతే వైద్యులు పొక్కులను గీకి తీస్తారు లేదా అతిశీతల చికిత్స చేస్తారు. బ్లిస్టర్ బీటిల్ అనే పెంకు పురుగుల్లో సహజంగా ఉండే కాంథరిడిన్‌తో చేసిన మందుకు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతి ఇచ్చింది.